బంతి గాల్లో ఉండగా చెయ్యి పట్టుకుంటే

మా ఇంట్లో క్రికెట్ చూసేవాళ్లున్నారు, కబడ్డీ చూసేవాళ్లున్నారు, ఏమీ చూడకుండా రిమోట్ మాత్రం వదలని మా ఆయన ఉన్నారు. అమెరికా వాళ్ల ఫుట్‌బాల్ చూసేది నేనొక్కదాన్నే. ఛే నంబర్ దగ్గర కూరగాయలు కొంటూ ఈ సంగతి మా పక్కింటావిడకి చెబితే, "అదేంటి వదినా, ఆ హెల్మెట్లు పెట్టుకుని కుమ్ముకునేదా?" అంది. అదే. ఆ కుమ్ముకోవడంలో ఏది తప్పు, ఏది కాదు అని తేల్చే రూలు ఒకటుంది. దాని గురించే ఈ పోస్టు. ఆట అంటే ఇష్టం లేనివాళ్లు కూడా కాసేపు ఓపిక పట్టండి. మన ఇళ్లలో పనికొచ్చే విషయమే.

నాకీ పిచ్చి మా చెల్లెలి వల్ల పట్టుకుంది. వాళ్లుండేది టెక్సస్‌లో, డల్లాస్ పక్కన ఫ్రిస్కోలో. దానికి పదహారేళ్ల కొడుకు. బడి జట్టులో కార్నర్‌బ్యాక్. అక్కడ బడి ఆటలు శుక్రవారం రాత్రి ఏడింటికి మొదలవుతాయి. మనకది శనివారం తెల్లవారి ఐదున్నర. చెల్లెలు స్టేడియం మెట్ల మీద కూర్చుని వీడియో కాల్ చేస్తుంది. నేనిక్కడ ఇడ్లీ పాత్ర పొయ్యి మీద పెట్టి, ఫోన్ పప్పు డబ్బాకి ఆనించి చూస్తాను. వాడు ఆడిన మొదటి ఏడాది నాకు కనిపించిందల్లా పచ్చటి గడ్డి, మా మరిదిగారి అరుపులు. రెండో ఏడాదికి అర్థమవడం మొదలైంది.

ఆట సంగతి క్లుప్తంగా చెబుతాను. పక్కకి పదకొండు మంది. బంతి చేతిలో ఉన్న జట్టుకి నాలుగు అవకాశాలు, వాటిలో పది గజాలు ముందుకి వెళ్లాలి. క్వార్టర్‌బ్యాక్ బంతి విసురుతాడు, రిసీవర్ పరిగెత్తి పట్టుకోవాలి. వాడి వెంట నీడలా పరిగెత్తేవాడే కార్నర్‌బ్యాక్, అంటే మావాడు. బంతి అందకుండా చేయడమే మావాడి పని. అయితే ఎలా చేయాలన్నదానికి హద్దుంది. ఆ హద్దు దాటితే డిఫెన్సివ్ పాస్ ఇంటర్‌ఫియరెన్స్ అంటారు. రెఫరీ పసుపుపచ్చ గుడ్డ ఒకటి నేల మీదకి విసురుతాడు.

నేను మొదట్లో అనుకున్నది, తాకితే తప్పు అని. కాదట. తాకవచ్చు. ఇద్దరూ బంతి కోసమే ఎగిరి, గాల్లో భుజాలు గుద్దుకుని ఇద్దరూ కింద పడ్డా తప్పు లేదు. కాళ్లు కాళ్లు చుట్టుకుని పడినా తప్పు లేదు. బంతి గాల్లో ఉన్నంతసేపూ అది ఎవరిదీ కాదు. పట్టుకునే హక్కు ఇద్దరికీ సమానం. బంతి వైపు చూడకుండా మనిషిని చూసి, బంతి రాకముందే మీద పడితే తప్పు. చెయ్యి పట్టుకుని లాగితే తప్పు. వెనకనుంచి వీపు మీదుగా దూరితే తప్పు. దారికి అడ్డంగా చెయ్యి చాపినా, నడుం పట్టి తిప్పేసినా తప్పు. అందులోనూ, ఆ పని వల్ల అవతలివాడి అవకాశం నిజంగా దెబ్బతిని ఉండాలి. ఊరికే చెయ్యి ఆనిందని గుడ్డ విసరరు.

అందుకని మంచి రెఫరీ మొదట చూసేది చేతుల్ని కాదట, తల ఎటు తిరిగి ఉందో చూస్తాడట. వెనక్కి తిరిగి బంతిని వెతుకుతున్న కుర్రాడు గుద్దుకున్నా క్షమిస్తారు. బంతి ఎక్కడుందో కూడా చూడకుండా మనిషి మీదకే వెళ్లినవాడిని క్షమించరు. ఇది చదివిన రోజు నేను వంటింట్లో గరిటె పట్టుకుని అలాగే నిలబడిపోయాను. ఇన్నేళ్ల కాపురంలో మన కుటుంబాల్లో జరిగే పంచాయితీల్లో ఎవరూ అడగని ప్రశ్న ఇదే కదా అనిపించింది. ఎవరు ఎవరిని ఏమన్నారు, ఎవరి గొంతు ముందు లేచింది, ఇవే అడుగుతాం. ఆ మాట అన్నప్పుడు వాళ్ల కన్ను దేని మీద ఉంది, పని మీదా, మనిషి మీదా? అది అడగం. అత్తాకోడళ్లిద్దరూ పండగ వంట బాగా రావాలని పొయ్యి దగ్గర మాటా మాటా అనుకోవడం ఒకటి. వంట సంగతి పట్టకుండా, కోడలు చెయ్యి వేసినదల్లా తప్పని చూపించాలనే వచ్చి నిలబడటం ఇంకొకటి. బయటి నుంచి చూసేవాళ్లకి రెండూ గొడవలే.

ఈ రూలు చరిత్రలో పెద్ద అన్యాయం 2019 జనవరి 20న న్యూ ఓర్లీన్స్‌లో జరిగింది. సూపర్‌బౌల్‌కి ఎవరు వెళ్లాలో తేల్చే ఆట. సెయింట్స్, రామ్స్ చెరి 20. ఇంకా రెండు నిమిషాల లోపే ఉంది. సెయింట్స్ క్వార్టర్‌బ్యాక్ డ్రూ బ్రీస్ బంతి విసిరాడు. టామీలీ లూయిస్ దాని కోసం చూస్తున్నాడు. రామ్స్ ఆటగాడు నికెల్ రోబీ కోల్‌మన్ బంతి వైపు తల కూడా తిప్పకుండా, అది రాకముందే వచ్చి అతన్ని గుద్ది పడేశాడు. స్టేడియమంతా చూసింది. టీవీల ముందు కోట్ల మంది చూశారు. గుడ్డ మాత్రం పడలేదు. సెయింట్స్ మూడు పాయింట్లతో సరిపెట్టుకున్నారు, రామ్స్ సమం చేశారు, అదనపు సమయంలో 26-23తో గెలిచి వెళ్లిపోయారు. ఆట అయ్యాక గుద్దినవాడే బంతి కన్నా ముందే వచ్చానని ఒప్పుకున్నాడు. లీగు పెద్దలూ అది తప్పేనన్నారు. ఏం లాభం? స్కోరు మారదుగా.

ఆ ఊరి జనం కోర్టుకి కూడా వెళ్లారు. వాళ్లని చూసి నవ్వుకున్నవాళ్లున్నారు, నేను నవ్వలేదు. లీగు వాళ్లు 2019 సీజన్‌కి కొత్త రూలు తెచ్చారు. పాస్ ఇంటర్‌ఫియరెన్స్‌ని ఇకమీద వీడియో రిప్లేలో చూసి సరిదిద్దవచ్చని 31-1తో ఓటేశారు. ఒక్క ఏడాది నడిచింది. 2020కి ఎత్తేశారు.

ఎందుకు ఎత్తేశారో వాళ్ల కారణాలు వాళ్లకున్నాయి. నాకు తోచింది నేను చెబుతాను. వేగంగా చూసినప్పుడు మామూలు ఆటలా ఉన్నది, నెమ్మదిగా తిప్పితే నేరంలా కనిపిస్తుంది. రెప్పపాటులో భుజం మీద ఆనిన చెయ్యి, స్లో మోషన్‌లో గంటసేపు పట్టుకుని ఉన్నట్టుంటుంది. ఏది నిజం? చెయ్యి పడిన మాట నిజమే. దాని బరువెంత అన్నది మాత్రం బొమ్మ చెప్పదు.

ఇప్పుడు మన ఇళ్లలో వాట్సాప్ స్క్రీన్‌షాట్ల సంగతి చూడండి. మా బంధువుల్లో ఒకావిడ, తోడికోడలు మూడేళ్ల కింద పెట్టిన మెసేజ్ దాచి ఉంచి, మొన్న గృహప్రవేశంలో అందరికీ చూపించింది. "సరేలే, నీ ఇష్టం" అని ఉంది అందులో. అంతే! ఆ రోజు ఏ గొంతుతో అందో, నవ్వుతూ అందో, పిల్లాడికి జ్వరమొచ్చి విసుగ్గా అందో ఎవరికి తెలుసు? పదిమంది ఆ నాలుగు అక్షరాల్ని పెద్దవి చేసి చూస్తే అందులో అహంకారం కనిపించక ఏం కనిపిస్తుంది? అమెరికా వాళ్లు కోట్ల డాలర్ల ఆటలో ఏడాదికే ఆపేసిన పద్ధతిని మనం ఫ్యామిలీ గ్రూపుల్లో రోజూ నడిపిస్తున్నాం.

రూలులో ఇంకో సూక్ష్మం ఉంది. నాకు అన్నిటికన్నా కష్టంగా అనిపించేది అదే. బంతి అసలు అందేది కాకపోతే తప్పు లేదట. క్వార్టర్‌బ్యాక్ గురి తప్పి పది అడుగుల ఎత్తున గీత అవతలికి విసిరేశాడనుకోండి, ఇక్కడ చెయ్యి పట్టుకున్నా అది పాస్ ఇంటర్‌ఫియరెన్స్ కింద రాదు. ఎలాగూ అందనిదాన్ని అడ్డుకున్నట్టు ఎలా అవుతుంది అని. వినడానికి న్యాయంగానే ఉంది. అయితే అందేదో కాదో చెప్పేదెవరు? క్రికెట్‌లో ఎల్బీడబ్ల్యూ ఇలాంటిదే. కాలు అడ్డం రాకపోతే బంతి వికెట్లకి తగిలేదా అని అంపైర్ ఊహించాలి. మన ఉప్పల్ స్టేడియంలోనైతే ఇప్పుడు ఆ ఊహ కంప్యూటర్ చేసి గీత గీసి చూపిస్తుంది. బంతికి ప్రాణం లేదు కాబట్టి దాని దారి లెక్క కట్టవచ్చు. మనిషి ఎంత దూరం దూకగలడో, ఆ రోజు ఎంత కసి మీద ఉన్నాడో ఏ కంప్యూటర్ గీస్తుంది? ఎవరూ అందదనుకున్న బంతిని ఒంటిచేత్తో అందుకున్నవాళ్లని ఎంతమందిని చూడలేదు! కాబట్టి "అది ఎలాగూ అందేది కాదు" అన్న మాట ఎవరి నోట వచ్చినా నేను అనుమానంగానే చూస్తాను. ముఖ్యంగా చెయ్యి పట్టుకున్నవాడి నోట వస్తే.

ఎందుకో చెబుతాను. 2001లో మా చెల్లెలు డిగ్రీ అయ్యాక ఎం.సి.ఎ. ఎంట్రెన్స్ రాసింది. మంచి ర్యాంకు. మేమప్పుడు ఇల్లు మారుతున్నాం కనుక ఉత్తరాలకి మా పెద్దనాన్న ఇంటి అడ్రస్ ఇచ్చాం. కౌన్సెలింగ్‌కి పిలుపు అక్కడికే వచ్చింది. వచ్చిన ఉత్తరం ఆయన టేబుల్ సొరుగులో, ఎల్.ఐ.సి. కాగితాల కింద ఉండిపోయింది. అది బయటపడేసరికి తేదీ దాటి తొమ్మిది రోజులు. మర్చిపోయానని ఆయన అనలేదు, అదొక్కటి మెచ్చుకోవాలి. "సీటొచ్చినా అంత దూరం ఎవరు పంపుతరు? ఆ ఫీజులు మీ నాయన కడతడా? ఎట్లైనా అయ్యేది కాదు, ఊకె ఆశ పెట్టుడెందుకని దాచిన" అన్నాడు.

అందని బంతి! మా నాన్న ఫీజు కట్టేవాడా, పొలం అమ్మేవాడా, చెల్లెలు ఏడ్చి సాధించేదా, బ్యాంకు లోను దొరికేదా, ఎవరికి తెలుసు? తెలిసే అవకాశం లేకుండా చేసినవాడే, అది అయ్యేది కాదని తీర్పు కూడా ఇచ్చాడు. ఆటలో కనీసం ఆ తీర్పు మూడో మనిషి చేతిలో ఉంటుంది.

మా మేనమామ ఆ రోజు సాయంత్రం వచ్చి, అందరి ముందు గట్టిగానే అన్నాడు, ఇది తప్పు బావా అని. మా అమ్మకి ధైర్యం వచ్చింది. తర్వాత ఇద్దరూ అరుగు మీద కూర్చుని టీ తాగారు. టీ అయ్యేసరికి మామ మాట మెత్తబడింది. "పోనీలే, పెద్దోడు, పిల్ల మంచికే చేసిండు" అన్నాడు. 2015 జనవరిలో డల్లాస్ పక్కన ఆర్లింగ్టన్‌లో సరిగ్గా ఇలాగే జరిగింది. డెట్రాయిట్ లయన్స్ 20-17తో ముందున్నారు. కౌబాయ్స్ ఆటగాడు బంతి వైపు తిరగకుండా రిసీవర్ మీద పడ్డాడు. గుడ్డ పడింది. పాస్ ఇంటర్‌ఫియరెన్స్ అని రెఫరీ మైకులో ప్రకటించాడు కూడా. తర్వాత వాళ్లలో వాళ్లు ఏదో మాట్లాడుకుని, నేల మీది గుడ్డని తీసి జేబులో పెట్టుకున్నారు. ఏ వివరణా లేదు. డల్లాస్ 24-20తో గెలిచింది. ఫ్రిస్కోలో మా మరిదిగారి లాంటి కౌబాయ్స్ అభిమానులకి ఇప్పటికీ ఆ సంగతి ఎత్తితే గిట్టదు. తప్పు చూడకపోవడం ఒక బాధ. చూసి, చెప్పి, వెనక్కి తీసుకోవడం దానికి పదింతల బాధ. ఆ రోజు మామ అసలు నోరే మెదపకపోతే చెల్లెలు అంత ఏడ్చేది కాదు.

ఇక శిక్ష. ఇక్కడ అమెరికాలోనే రెండు న్యాయాలున్నాయి. పెద్దవాళ్ల లీగులో, ఎన్.ఎఫ్.ఎల్.లో, తప్పు ఎక్కడ జరిగిందో బంతిని అక్కడికే తీసుకెళ్లి పెడతారు. నలభై గజాల అవతల చెయ్యి పట్టుకున్నావా, నలభై గజాలూ ఇచ్చెయ్. గోల్ గీత లోపల పట్టుకున్నావా, గీతకి గజం దూరంలో పెడతారు. కాలేజీ ఆటలో అలా కాదు. ఎంత దూరంలో తప్పు చేసినా 15 గజాలకి మించదు. టెక్సస్‌లో బడి పిల్లలు కూడా కాలేజీ రూలుతోనే ఆడతారు.

ఎన్.ఎఫ్.ఎల్. శిక్ష మరీ కఠినమని, ఒక్క గుడ్డతో ఆట తారుమారవుతోందని విసుక్కునేవాళ్లు అక్కడ చాలామందే ఉన్నారు. నేను ఒప్పుకోను. 15 గజాలే శిక్ష అయితే, యాభై గజాల బంతి వస్తుంటే వెనకబడ్డ కార్నర్‌బ్యాక్ ఏం చేస్తాడు? లెక్క చూసుకుని చెయ్యి లాగేస్తాడు. పోయేది పదిహేను, మిగిలేది ముప్పైఐదు. తప్పు చేయడం లాభసాటి బేరమైనప్పుడు అది శిక్ష ఎలా అవుతుంది, ఖర్చు అవుతుంది గానీ. నష్టపోయినవాడికి ఇవ్వాల్సింది అతను ఎక్కడికి చేరేవాడో ఆ చోటు. ఇచ్చేవాడికి ఎంత నొప్పి కలగకూడదో కొలిచి ఇచ్చేది కాదు.

మా చెల్లెలి పెళ్లికి పెద్దనాన్న రెండు తులాల గొలుసు పెట్టాడు. మా వాళ్లంతా ఎంత పెద్ద మనసో అన్నారు. ఆ రోజు నాకు ఈ ఆట తెలియదు. తెలిసి ఉంటే లెక్క చెప్పేదాన్ని. అది తర్వాత ఇద్దరు పిల్లల్ని పెట్టుకుని, అమెరికాలో డిపెండెంట్ వీసా మీద ఇంట్లో కూర్చుని, ముప్పైఏడో ఏట మళ్లీ చదువు మొదలుపెట్టి, నలభైకి ఉద్యోగం తెచ్చుకుంది. మధ్యలో పోయిన గజాలు ఏ కంసాలి తూకంలో తూగుతాయి?

తప్పు చేసినవాడు ఒప్పుకుంటే ఎంత తేలికవుతుందో కూడా ఈ ఆటలోనే చూశాను. 2023 సూపర్‌బౌల్, మనకి సోమవారం తెల్లవారి ఐదు. మా ఆయన లేచి, "ఈ ఇంట్లో ఎవరికి పరీక్షలు?" అని అడిగి మళ్లీ పడుకున్నారు. స్కోరు 35-35, రెండు నిమిషాలు కూడా లేవు. ఈగిల్స్ ఆటగాడు జేమ్స్ బ్రాడ్‌బరీ, చీఫ్స్ రిసీవర్ చొక్కా పట్టుకున్నాడని గుడ్డ పడింది. అది హోల్డింగ్ కింద వేశారు, పాస్ ఇంటర్‌ఫియరెన్స్‌కి చెల్లెలి వరస. ఆటంతా చూసీచూడనట్టు వదిలి చివర్లో ఎందుకు పట్టుకున్నారని సగం అమెరికా గోల పెట్టింది. బ్రాడ్‌బరీ మాత్రం, అది హోల్డింగే, చొక్కా లాగాను, వదిలేస్తారేమో అనుకున్నాను అని చెప్పేశాడు. అతని జట్టు 38-35తో ఓడింది. ఆ మనిషి మీద నాకు అప్పుడు కలిగిన గౌరవం గెలిచినవాళ్ల మీద కలగలేదు.

రెఫరీల గురించి ఒక్క మాట. మైదానంలో ఏడుగురుంటారు, ఒక్కొక్కరికి ఒక్కో మూల. 2015లో సారా థామస్ అనే ఆవిడ ఎన్.ఎఫ్.ఎల్.లో మొదటి పూర్తికాలపు మహిళా అఫీషియల్ అయింది. ముగ్గురు పిల్లల తల్లి, మందుల కంపెనీ సేల్స్‌లో పనిచేసేది. 2021 ఫిబ్రవరిలో సూపర్‌బౌల్ మైదానంలోనే నిలబడింది. మన రాజమండ్రిలో పుట్టిన జి.ఎస్. లక్ష్మి గారు 2019లో ఐ.సి.సి. మొదటి మహిళా మ్యాచ్ రెఫరీ అయ్యారు. అదే డిసెంబర్‌లో మగవాళ్ల వన్డేకి రెఫరీగా కూర్చున్నారు. యు.ఎ.ఇ.తో ఆడిన ఆ రెండో జట్టు ఏదో తెలుసా, అమెరికా! ఆడవాళ్లకి జాలెక్కువ, కఠినంగా తీర్పివ్వలేరు అనే మాట ఎవరు కనిపెట్టారో గానీ, ఇద్దరు పిల్లల మధ్య ఒక్క మామిడిపండు కోసి చూపించమనండి వాళ్లని.

ఆడపిల్లలకి ఇంకో సంగతి. 2028 లాస్ ఏంజెలిస్ ఒలింపిక్స్‌లో ఫ్లాగ్ ఫుట్‌బాల్ పెడుతున్నారు, అయిదుగురేసి ఆట, మగవాళ్లకీ ఆడవాళ్లకీ. అందులో మనుషుల్ని కుమ్మి పడేయడం ఉండదు, నడుముకి కట్టుకున్న గుడ్డపేలిక లాగాలి. పదేళ్ల పైమాటే, 2012 ప్రాంతంలో మన దేశంలో ఒక లీగు పెడితే హైదరాబాద్ స్కైకింగ్స్ అని మన ఊరి పేరుతో జట్టు కూడా వచ్చింది. అప్పుడు మనమెవరం పట్టించుకోలేదు. ఇప్పుడు మీ ఇంట్లో పరిగెత్తే పిల్ల ఉంటే ఒకసారి ఆ వీడియోలు చూపించండి.

పోయిన సీజన్‌లో మావాడి మీదే గుడ్డ పడింది. దాదాపు నలభై గజాల దూరంలో. నేను చూశాను, తప్పే. బంతి వైపు తిరగలేదు, వెనకబడ్డానని భయపడి అవతలి పిల్లాడి మోచెయ్యి పట్టుకున్నాడు. 15 గజాలు వేశారు. మా మరిదిగారు రెఫరీని తిడుతున్నారు. చెల్లెలు తిట్టలేదు. "పదిహేనుతో పోయింది అక్కా, ఎన్.ఎఫ్.ఎల్. అయితే మొత్తం పోయేది" అంది.

"నీకు ఏది న్యాయమనిపిస్తుంది?" అని అడిగాను.

కాసేపు ఏమీ మాట్లాడలేదు. వెనకాల బ్యాండు మోగుతోంది. "వీడికి ఇది చాలు. చిన్నోడు, నేర్చుకుంటడు" అంది.

నేనూ అదే అంటాను. పదహారేళ్ల పిల్లాడికి 15 గజాలు చాలు. మా పెద్దనాన్నకి అప్పటికి యాభై నాలుగు.